ఆప్టోమెట్రీ చదివాక కంటి సర్జన్ కావాలంటే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 25 ఏళ్ళు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ బైపీసీ నరసరావుపేటలో చదివాను. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి ఇంట్లో డబ్బు కుదరలేదు, చూపు పరీక్షించి కళ్ళజోడు నంబరు తేల్చే ఆప్టోమెట్రీ డిగ్రీ, బీఆప్టమ్‌లో చేరాను. హైదరాబాదులో నాలుగేళ్ళు చదివి, మూడేళ్ళుగా ఒక కంటి ఆస్పత్రిలో చేస్తున్నాను. జీతం 24 వేలు. పని ఇష్టమే. కానీ అరగంట కూర్చుని చూసిన పేషెంటు లేచేటప్పుడు ‘ఇంతకీ డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?’ అంటారు. నేను కాగితం మీద రాసిందే సార్ రెండు నిమిషాల్లో చదివి చెబితే దండం పెడతారు. ఈ మధ్య ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) నిలబడి శుక్లం ఆపరేషన్లు చూస్తున్నాను, అప్పట్నుంచి అదే ధ్యాస. బీఆప్టమ్ వాళ్ళు ఎంబీబీఎస్ రెండో ఏట్లో చేరే బ్రిడ్జి కోర్సు ఉందని ఒకరు, వయసు దాటిపోయిందని ఇంకొకరు అంటున్నారు. జార్జియా వెళ్ళమని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఉద్యోగం మానేసి నీట్ రాయనా?

సమాధానం: అమ్మా, మా రెండో అమ్మాయిది నీ వయసే. ‘మీరు’ అని రాయడం నా వల్ల కావడం లేదు, నువ్వనే రాస్తాను.

ముందు ఆ బ్రిడ్జి కోర్సు సంగతి. అలాంటిది లేదు. మన దేశంలో ఎంబీబీఎస్‌కి లేటరల్ ఎంట్రీ లేనే లేదు. బీఆప్టమ్ అయినా, బీడీఎస్ అయినా, నర్సింగ్ అయినా మొదటి ఏట్లోనే, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాల్సిందే. లోపలికి గుమ్మం నీట్ ఒక్కటే. ‘మేం మేనేజ్ చేస్తాం, అడ్వాన్సు కట్టండి’ అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టెయ్.

వయసు దాటిపోయిందన్న మాట కూడా తప్పు. పై వయసు పరిమితి మీద చాలాకాలం కోర్టుల్లో నలిగి, చివరికి 2022లో దాన్ని తీసేశారు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్ళకి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 40 శాతం ఉంటే చాలు. ఏడేళ్ళ కిందటి మెమో అయినా చెల్లుతుంది. డిగ్రీ హైదరాబాదులో చేశానే అని స్థానికత గురించి కంగారు పడకు. చూసేది ఇంటర్ దాకా ఎక్కడ చదివావన్నది. నీ కౌన్సెలింగ్ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీదే. ఒక్కటి మాత్రం ఈ వారమే చూసుకో. నీ ఇంటర్ మెమో, టీసీ ఎవరి దగ్గరున్నాయి? బాండ్ పేరు చెప్పి ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకునే ఆస్పత్రులు తక్కువేం లేవు. కౌన్సెలింగ్ రోజు పొద్దున హెచ్‌ఆర్ గది ముందు నిలబడి బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోకు.

దారి ఉందన్న మాట అయిపోయింది. ఎంత దూరమో వేళ్ళ మీద లెక్కపెడదాం. వచ్చే మే నెల పరీక్షకి నీకు 26. సీటొస్తే ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. బయటికొచ్చేసరికి 32కి దగ్గర. నీట్ పీజీ కోసం ఈ రోజుల్లో చాలామంది ఇంటర్న్‌షిప్ అయ్యాక ఒక ఏడాది పూర్తిగా చదువుకే పెడుతున్నారు. 33. కంటి వైద్యంలో పీజీ, అంటే ఎంఎస్ ఆప్తాల్మాలజీ, మూడేళ్ళు. 36. ఆ పైన చెయ్యి తిరగడానికి ఫెలోషిప్ ఏడాదో రెండేళ్ళో. నీ అంతట నువ్వు ‘ఈ కంటికి ఆపరేషన్ నేను చేస్తాను’ అని ధైర్యంగా చెప్పేసరికి 37, 38. మధ్యలో ఎక్కడా ఒక్క ఏడాది కూడా జారిపోకపోతే వచ్చే లెక్క ఇది.

ఈ పన్నెండేళ్ళ సంగతి విని చాలామంది భయపడతారు. నాకు మాత్రం ఆ అంకె పెద్దగా అనిపించదు. మధురైలో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టేనాటికి డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారికి 58 ఏళ్ళు, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయిన చేతుల్తోనే ఆపరేషన్లు చేశారు. అది 1976. కాబట్టి 38 అన్నది నాకు అడ్డంకి కాదు. నాకు భయం వేసేది ఇంకోచోట.

నువ్వు అడుగుతున్నది కంటి సర్జన్ కావడం గురించి. నీట్ గుమ్మం దగ్గర ఇచ్చేది ఎంబీబీఎస్ మాత్రమే. అక్కడ కంటికి దక్కే చోటు చాలా చిన్నది. మొదటి ఏడాదంతా శవాల ముందు నిలబడి చంక కింద నరాలు ఎలా చీలతాయో నేర్చుకోవాలి. తర్వాత మందుల పేర్లు, సూక్ష్మజీవులు, పోస్ట్‌మార్టమ్ రిపోర్టులు. కంటి విభాగంలో తిప్పేది కొన్ని వారాలు, అదీ మొదటి ఏడాది దాటాక. ఆ వారాల్లో నీకంటే బాగా స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోప్) తిప్పేవాళ్ళు క్లాసులో ఉండరు, అది నిజమే. మిగతా నాలుగేళ్ళు నీ ఏడేళ్ళ కంటి అనుభవం సంచీలోనే ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌లో అర్ధరాత్రి లేబర్ రూములో, క్యాజువాల్టీలో ఉంటావు. పురుగులమందు తాగినవాడికి ట్యూబు వెయ్యాలి.

అదంతా అయ్యాక రెండో గుమ్మం నీట్ పీజీ. అక్కడ ర్యాంకును బట్టి బ్రాంచి. రేడియాలజీ, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ అంత పోటీ కంటికి లేకపోయినా, అడిగిన వాళ్ళందరికీ దొరికే సీటు కాదు. ఎంఎస్‌తో సమానమైన డీఎన్‌బీ ఉంది, రెండేళ్ళ డిప్లొమా ఉంది, వాటివల్ల అవకాశం కాస్త పెరుగుతుంది. అయినా నీ ర్యాంకు దగ్గర ఆ ఏడాది పాథాలజీయో, ఎనస్థీషియానో మిగిలిందనుకో, ఏం చేస్తావు? ‘కన్ను రాకపోయినా డాక్టర్‌గా సంతోషంగా బతుకుతాను’ అని గుండె మీద చెయ్యి వేసుకుని అనగలిగితే నీట్ రాయి. అనలేకపోతే, పన్నెండేళ్ళని రెండు పరీక్షల మీద పందెం కాస్తున్నావని తెలుసుకుని రాయి. ఎంబీబీఎస్ కూడా తేలిగ్గా తీసుకునే కోర్సేం కాదు. మొదటి ఏడాది నాలుగు ప్రయత్నాల్లో గట్టెక్కాలి, మొత్తం కోర్సు తొమ్మిదేళ్ళలో ముగించాలి, అది రూలు.

ఇప్పుడు ఓటీ సంగతి. ఉత్తరంలో నీ గొంతు మారింది అక్కడే, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

మేం పీజీలో ఉండగా కబేళా నుంచి మేక కళ్ళు తెచ్చేవాళ్ళు, ఐస్ డబ్బాలో. థర్మాకోల్ ముక్కకి గుంట చేసి అందులో కన్ను బిగించి, మైక్రోస్కోప్ కింద పెట్టి కొయ్యడం నేర్పేవాళ్ళు. మేక కంటి లెన్స్ పొర మందంగా, సాగేలా ఉంటుంది. దాన్ని గుండ్రంగా చీల్చడం వచ్చేసిందని నేను మురిసిపోయాను. తర్వాత మనిషి కన్ను ఇచ్చారు. అరవై ఏళ్ళ పెద్దాయన, బట్ట కింద ఆయన ఊపిరి వినబడుతోంది. మనిషి లెన్స్‌కి వెనక పొర మధ్యలో నాలుగు మైక్రాన్లు ఉంటుంది, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా కాదు. అది చినిగింది. లోపలి జెల్లీ ముందుకొచ్చింది. ప్రొఫెసర్ గారు ఒక్కమాట అనకుండా నా భుజం మీద తట్టి పక్కకి జరిపి, స్టూలు ఎత్తు సరిచేసుకుని, మిగతా ముప్పావుగంట ఆయనే పని చేశారు. ఆ పెద్దాయనకి చూపు వచ్చింది, నాకు మాత్రం నెల్రోజులు నిద్ర రాలేదు. ఓటీలో నిలబడి చూసేవాళ్ళకి ఆపరేషన్ పదిహేను నిమిషాల సంగీతంలా ఉంటుంది, చేసేవాడికి ఆ పదిహేను నిమిషాల వెనక ఇలాంటి నెలలుంటాయి.

ఇంకో మాట, కొంచెం కోపంగానే చెబుతాను. ఎంఎస్ సీటు వస్తే ఆపరేషన్లు వచ్చేసినట్టు కాదు. నేను చదివిన కాలేజీలో మూడేళ్ళలో సొంతంగా నా చేతికొచ్చిన కేసులు ముప్పై దాటలేదు. డిగ్రీ చేతిలో పెట్టుకుని శుక్లం తియ్యడానికి వణికాను. తర్వాత రెండేళ్ళు ఒక ట్రస్టు ఆస్పత్రిలో తక్కువ జీతానికి చేరి అక్కడ నేర్చుకున్నాను. అందుకే పైన ఫెలోషిప్ ఏళ్ళు కలిపి లెక్క వేశాను. కౌన్సెలింగ్ బ్రోషర్లలో ఈ సంగతి ఎవరూ రాయరు.

ఈ లోపు నువ్వు పైసా ఖర్చు లేకుండా చేసే పని ఒకటుంది. మీ ఆస్పత్రిలో మెల్లకన్ను పిల్లల్ని చూసే గదిలో ఈగ బొమ్మ పుస్తకం ఉంటుంది కదా, టిట్మస్ టెస్టు. రోజూ పిల్లలకి చేస్తావు, నీకెప్పుడైనా చేసుకున్నావా? పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని తొమ్మిదో నంబరు వృత్తాల దాకా వెళ్ళు. 40 సెకండ్లు (ఇది టైము కాదు, కోణం కొలత) వస్తే లోతు చూపు బాగున్నట్టే. మైక్రోస్కోప్ కింద బతకాలనుకునేవాళ్ళకి ముందు కావాల్సింది అది. నాతో చదివిన ఒకతనికి చిన్నప్పటి మెల్ల తాలూకు లోపం పీజీలో చేరాకే బయటపడింది. ఇప్పుడు మెడికల్ రెటీనా చూస్తాడు, మంచి డాక్టరు, కత్తి మాత్రం పట్టడు.

ఇక ‘డాక్టరు గారు ఎప్పుడొస్తారు’ అన్న మాట. అది గుచ్చుకుంటుంది, గుచ్చుకోకూడదని చెప్పను. కానీ నాకు కళ్ళజోడు నంబరు చూడటం నేర్పింది ప్రొఫెసర్లు కాదు. డార్క్ రూములో ఒక రిఫ్రాక్షనిస్ట్ ఉండేవారు, అందరం మాస్టారు అనేవాళ్ళం. చేరిన మొదటి నెలలో ఎనిమిదేళ్ళ కుర్రాడికి, కంట్లోకి వెలుగు వేసి నంబరు తేల్చే రెటినోస్కోప్ పట్టుకుని కూర్చున్నాను. మైనస్ రెండు దాకా వస్తోంది. గొప్పగా రాయబోతుంటే మాస్టారు వెనక నుంచి అన్నారు, ‘సార్, వాడు మీ మొహంలోకి చూస్తున్నాడు. అక్కడ గోడ మీది చార్టు చూడమనండి.’ కుర్రాడు దూరం చూడగానే మైనస్ కరిగిపోయింది. వాడికి అసలు సైటే లేదు. ఆ రోజు నేనొక పిల్లాడి ముక్కు మీద అక్కర్లేని కళ్ళజోడు పెట్టబోయాను. ఆపింది ఎంబీబీఎస్ లేని మనిషి. బయట వరండాలో ఆ కుర్రాడి తల్లి మాత్రం నాకే దండం పెట్టింది. నేను తీసుకున్నాను కూడా. మాస్టారు నవ్వారు.

ఆ దండం కోసమే అయితే పన్నెండేళ్ళు చాలా ఖరీదైన బేరం. రేపు నువ్వు ఎంఎస్ చేసి కార్పొరేట్ ఆస్పత్రిలో కూర్చున్నా ‘పెద్ద డాక్టరు గారు లేరా?’ అని అడిగేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా ఆడపిల్లవి కాబట్టి. నెలకి ఇన్ని ఆపరేషన్లు చెయ్యాలని మేనేజర్ చీటీ పెడతాడు. ఆ గుచ్చుకోవడం డిగ్రీతో పోయేది కాదని నా అనుభవం.

అలాగని ఆప్టోమెట్రీలో నీకు జరిగేదంతా సబబే అనడం లేదు. 24 వేలకి రోజుకి అన్ని కళ్ళు చూపించుకోవడం అన్యాయమే. 2021లో పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తుల చట్టం చేసింది, మీ వృత్తికి చట్టంలో ఒక చోటు దొరికింది. ఆస్పత్రుల్లో జీతాలకి, గౌరవానికి అది ఇంకా దిగిరాలేదు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు మొదలైనప్పుడు ఊరూరా క్యాంపుల్లో నంబర్లు తేల్చింది మీవాళ్ళే. ఆ క్యాంపుల ఫొటోల్లో ఎవరి మొహాలున్నాయో నీకూ తెలుసు.

కానీ మీ దారిలో పైకి మెట్లున్నాయి, నువ్వు మొదటి మెట్టు మీదే ఆగి పై అంతస్తు చూస్తున్నావు. హైదరాబాదులోనే ఉన్నావు. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి ఒక్కసారి వెళ్ళి, అక్కడ ఆప్టోమెట్రిస్టులు ఏం చేస్తున్నారో చూడు. కెరటోకోనస్‌తో శంకువులా సాగిపోయిన కంటికి స్క్లెరల్ లెన్స్ (కంటి తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్) అమర్చడం చాలామంది సర్జన్లకి రాదు, నాకూ రాదు. ఆ లెన్స్ పెట్టగానే కుర్రాడు గోడ గడియారం చదివితే, ఆ దండం నేరుగా ఆప్టోమెట్రిస్టుకే. కళ్ళజోడుతో కూడా చూపు సరిగా రానివాళ్ళకి సాయపడే లో విజన్ ఉంది, పిల్లల్లో సైటు పెరగకుండా ఆపే పని ఉంది. ప్రపంచ జనాభాలో సగం మందికి 2050 నాటికి హ్రస్వదృష్టి వస్తుందన్న లెక్క మీ సెమినార్లలో వినే ఉంటావు. 2016లో వచ్చిన ఆ పరిశోధనకి ముందు నిలబడ్డ ఆస్ట్రేలియా ప్రొఫెసర్ బ్రియన్ హోల్డెన్ ఆప్టోమెట్రిస్టే. ఎల్వీ ప్రసాద్‌లో ఆప్టోమెట్రీ విద్య, పరిశోధన సాగే సంస్థకి ఆయన పేరే పెట్టారు. ఆప్టోమెట్రీలో పీజీ, ఎంఆప్టమ్, రెండేళ్ళే, 28కి అయిపోతుంది.

జార్జియా గురించి రెండు ముక్కలు. అక్కడికి వెళ్ళాలన్నా నీట్ క్వాలిఫై కావాలి. కోర్సు కనీసం 54 నెలలు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక ఇక్కడ లైసెన్సు పరీక్ష, మళ్ళీ ఏడాది ఇంటర్న్‌షిప్. అంతా పదేళ్ళలో ముగియాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి, ఇంట్లో డబ్బుంటే, ఏమో. పొలం తాకట్టు పెట్టి 26 ఏళ్ళప్పుడు నువ్వు ఎక్కాల్సిన విమానం మాత్రం కాదు.

డబ్బు సంగతీ అంతే సూటిగా చెబుతాను. ప్రభుత్వ కాలేజీలో కన్వీనర్ సీటైతే ఏడాది ఫీజు వేలల్లోనే, ఇంటర్న్‌షిప్‌లో, పీజీలో స్టైపెండ్ వస్తుంది, ఎలాగో నెట్టుకురావచ్చు. మేనేజ్‌మెంట్ కోటా అయితే ఏడాదికి పది లక్షల పైమాటే, అది నీ ఇల్లు మోసే బరువు కాదు. కాబట్టి నీకు కన్వీనర్ సీటొచ్చే మార్కులు రావాలి, క్వాలిఫై అయితే చాలదు.

వస్తాయా? 720 మార్కుల్లో 360 బయాలజీ. పెద్దదానివి, చదివిన మనిషివి, ఆర్నెల్లు కూర్చుంటే అది లొంగుతుంది. కెమిస్ట్రీ కష్టపడితే వస్తుంది. ఫిజిక్స్‌లో కిరణ కాంతిశాస్త్రం చూసి నవ్వుకుంటావు, లెన్స్ పవర్ కొలిచే డయాప్టర్లు నీ రోజువారీ కూడు. అయితే అది ఒక్క అధ్యాయం. భ్రమణ చలనం, విద్యుదయస్కాంతం అక్కడే కూర్చుని నీ కోసం ఎదురుచూస్తున్నాయి. ఏడేళ్ళ కిందట నిన్ను దెబ్బకొట్టింది ఏ సబ్జెక్టో నువ్వు రాయలేదు. ఫిజిక్సేనని నా అనుమానం.

నేను నీ చోట ఉంటే ఇప్పుడే రాజీనామా ఇవ్వను. వచ్చే ఆదివారం పోయినేడాది నీట్ పేపరు తీసి, ఫోను పక్కగదిలో పెట్టి, 180 ప్రశ్నలు మూడు గంటల్లో, ఏమీ చదవకుండా రాస్తాను. తప్పుకి ఒక మార్కు కోసుకుంటాను. ఆ తర్వాత మూడు నెలలు ఉద్యోగం చేస్తూనే పొద్దున రెండు గంటలు ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ఇంకో పేపరు రాస్తాను. రెండు పేపర్లకి మధ్య మార్కులు గట్టిగా కదిలితే, నీ కేటగిరీలో పోయినేడాది కన్వీనర్ సీటు ఆగిన మార్కు పక్కన పెట్టి చూసుకుని, నాన్నగారికి ఆ కాగితం చూపించి, అప్పుడు ఉద్యోగం మానేసి ఒక్క ఏడాది చదువుతాను. ఒక్కటే. రెండో ఏడాదికి ‘కొంచెంలో పోయింది’ అన్న మాట వినబడుతుంది, దాన్ని నమ్మి మూడో ఏడాదిలో పడ్డ పిల్లల్ని చాలామందిని చూశాను. మార్కులు కదలకపోతే ఎంఆప్టమ్ దరఖాస్తు పెడతాను.

సంబంధాల విషయం: చూడనివ్వు, కానీ వచ్చినవాళ్ళకి మొదటి కాఫీకే ‘నేను నీట్ రాసే ఆలోచనలో ఉన్నాను, సీటొస్తే పదేళ్ళు చదువే’ అని నీ నోటితో చెప్పు. అమ్మ కసురుకుంటుంది. కసురుకోనివ్వు. లేచి వెళ్ళిపోయేవాళ్ళు అప్పుడే వెళ్ళిపోతారు.

ఆదివారం పేపరు రాశాక నాకు మళ్ళీ ఒక ఉత్తరం రాయి. టోటల్ వద్దు. ఫిజిక్స్ మార్కులు, ఆ ఈగ బొమ్మ పుస్తకంలో ఎన్నో వృత్తం దాకా వెళ్ళావో, ఆ రెండు అంకెలు చాలు.